మార్చి నెల సున్నాలు

2023 మార్చి. ఆర్మూరు బస్టాండుకు ఎదురుగా, ఒక విత్తనాల దుకాణం పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని మా అధ్యయన బృందం పనిచేస్తున్న రోజులవి. కింద రోడ్డు మీద నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయే పసుపు బస్తాల ట్రాలీలు పొద్దంతా కదులుతుండేవి. సాయంత్రానికి మా కిటికీ చువ్వల మీద సన్నని పసుపు పొడి పేరుకునేది. నేను హైడ్రాలజిస్టును. ఒక ప్రాంతంలో ఎంత నీరు పడింది, అందులో ఎంత పారింది, ఎంత ఇంకింది అనే లెక్క చూడడం నా వృత్తి.

ఆ ఏడాది మాకు అప్పగించిన పని ఇది. సిరికొండ వైపు అడవి గుట్టల్లో పుట్టి, పసుపు, మొక్కజొన్న చేల మధ్యగా పారి గోదావరిలో కలిసే ఒక వాగు పరీవాహక ప్రాంతంలో గత మూడు దశాబ్దాల వర్షపాతం ఏ దిశగా మారుతున్నదో తేల్చాలి. ముఖ్యంగా మార్చి నుంచి మే వరకు పడే అకాల వర్షం. ఈ ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసేది ఎక్కువగా ఈ ఎండల మొదట్లోనే. ఉడికిన కొమ్ము ఎండడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మధ్యలో ఒక్క వాన తగిలితే రంగు చెడుతుంది, బూజు పడుతుంది, యార్డులో దాన్ని అడిగేవారుండరు. అందుకని ఒక పథకం కింద, అకాల వర్షం పెరుగుతున్నట్టు రుజువైన ఊళ్లకు పైకప్పు గల ఉమ్మడి ఆరబోత షెడ్లు కట్టించాలని నిర్ణయించారు. ఏ ఊళ్లకు అవసరమో మా ట్రెండ్ చెప్పాలి. ట్రెండ్ అంటే, ఏటేటా ఎగుడుదిగుడుగా కనిపించే అంకెల వెనుక దీర్ఘకాలంలో ఉన్న మొగ్గు.

వాగు పొడవునా వాన కొలిచే రెయిన్ గేజీలు ఆరున్నాయి. అయిదింటిలో వేసవి వాన స్పష్టంగా పెరుగుతోంది. ఆరోది ఆర్మూరు నుంచి సిరికొండ పోయే దారిలోని ఒక ఊరిది. పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే తెలుస్తుంది. అక్కడ మాత్రం వేసవి వాన తగ్గుతూ వచ్చి, చివరి ఏళ్లలో మార్చి, ఏప్రిల్ నెలలు దాదాపు అన్నీ సున్నాలే. ఆ అంకెలను నమ్మితే ఆ ఊరికి షెడ్డు అక్కర్లేదు.

ఇటువంటి అనుమానం వచ్చినప్పుడు మేము డబుల్ మాస్ కర్వ్ అనే గీత గీస్తాం. ఒక గేజీలో ఏటికేడు పడిన వానను కూడుకుంటూ పోయి, చుట్టుపక్కల గేజీల సగటు మొత్తంతో పోల్చి చుక్కలు పెడతాం. అన్నీ ఒకే ఆకాశం కింద ఉన్నవి కాబట్టి చుక్కలు ఇంచుమించు ఒక సరళరేఖలో రావాలి. ఎక్కడైనా రేఖ వంగిందంటే మారింది వాన కాకపోవచ్చు, కొలిచే పద్ధతి కావచ్చు. ఈ ఊరి రేఖ సుమారు ఎనిమిదేళ్ల కిందట వంగింది. నన్ను ఆలోచనలో పడేసింది వంపు కాదు. వానాకాలం అంకెలతో వేరుగా గీసి చూస్తే రేఖ తిన్నగానే ఉంది. వేసవి అంకెల్లోనే వంపు ఉంది.

అంతకుముందు కొన్నేళ్లు నేను పశ్చిమ కనుమల్లో ఒక వర్షారణ్య నది పరీవాహకంలో ఇదే పని చేశాను. అక్కడ కూడా ఒక గేజీలో వాన ఏటేటా తగ్గుతున్నట్టు కనిపించింది. నది ప్రవాహం మాత్రం తగ్గలేదు. వెళ్లి చూస్తే గేజీ పెట్టిన నాడు మొక్కగా ఉన్న చెట్టు పెరిగి, కొమ్మలు నెత్తిన పందిరిలా పరుచుకున్నాయి. సగం వానను ఆకులే పట్టుకుంటున్నాయి. కొమ్మలు కొట్టించిన ఏడాదే ఆ గేజీలో వాన "పెరిగింది". వర్షారణ్యాల్లో దీర్ఘకాలిక వర్షపాతం చదివేవారికి ఇది పాత శత్రువు. అయితే చెట్టు కాలం చూసి అడ్డుపడదు. వేసవిలో అడ్డమైనది వానాకాలంలోనూ అడ్డం కావాలి. కాబట్టి ఇది చెట్టు పని కాదని ఆర్మూరులో కూర్చునే చెప్పగలిగాను. మరేమిటో చెప్పలేకపోయాను.

హైదరాబాదులో ఉన్న మా టీమ్ లీడర్ మూర్తి గారు ఫోన్‌లో వెంటనే తేల్చేశారు.

"అబ్జర్వర్ ఎర్రర్ అండీ. ఎండాకాలం ఎవరు చూడొచ్చారని ఇంట్లో కూర్చుని సున్నాలు వేసి ఉంటారు. ఆ స్టేషన్ తీసేయండి. రీడర్‌ను మార్చమని డిపార్ట్‌మెంట్‌కు ఒక లైన్ రాయండి."

గేజీ చదివే మనిషి చేసిన తప్పును అబ్జర్వర్ ఎర్రర్ అంటారు. ఆ ఒక్క లైనుతో ఆ ఊరు షెడ్ల జాబితా నుంచి పోతుంది, ఆ మనిషి పని పోతుంది. చూసి రాస్తానన్నాను.

గేజీల పర్యవేక్షణ చూసే నర్సయ్య గారు మా గదికి టీ తాగడానికి వస్తుండేవారు. పదవీ విరమణకు దగ్గర పడిన మనిషి. విషయం చెప్పగానే గ్లాసు కింద పెట్టారు.

"ఎస్తేరమ్మ తప్పు రాసిందా? మేడం, నా బండి మీటర్ తప్పు సూపిస్తదేమో గని ఆమె రీడింగ్ తప్పదు. బడిల స్వీపర్ పని జేస్తది. ఎనిమిదిన్నరకు గేజీ కాడ ఉండకపోతే ఆమెకు తిన్నది అరగది."

"మరి ఈ సున్నాలు?"

"గదే సమజైత లేదు. రేపు పోదాం పాండ్రి. నేను ఫోన్ జేసి చెప్త, మేడం వస్తున్నరని."

ఆ ఫోన్ చేయకుండా ఉంటే మాకు ఒక పూట కలిసొచ్చేదని తరువాత అర్థమైంది.

గేజీ ఊరి ప్రాథమిక పాఠశాల వెనుక ఉంది. నాలుగు వైపులా తీగ కంచె, చిన్న ఇనుప గేటు. నడుమ మోకాలికంటే కాస్త కిందికి ఉండే ఫైబర్ డబ్బా. పైన గరాటు, లోపల సీసా. ఇరవై నాలుగు గంటల్లో పడిన నీరు సీసాలో చేరుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని గీతలున్న కొలత గ్లాసులో పోసి చదువుతారు. చుట్టూ చెట్టు లేదు, గోడ దూరంగా ఉంది. డబ్బా సమమట్టంగా ఉంది, గరాటులో ఆకు లేదు, పగులు లేదు. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేయదగినంత మంచి స్థలం.

ఎస్తేరమ్మకు యాభై ఏళ్లుంటాయి. చీర కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. నేను తెలిసినంత నీటిని గరాటులో పోసి చదవమన్నాను. ఆమె కొలత గ్లాసును కంటికి ఎదురుగా ఎత్తి, నీటి మట్టం కింది అంచు దగ్గర చూసి చెప్పింది. దశాంశంతో సహా సరిపోయింది. నర్సయ్య గారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

నేను ముందు ఏడాది ఏప్రిల్‌లో ఒక తారీఖు చెప్పాను. ఆ రోజు మిగిలిన అయిదు గేజీల్లోనూ గట్టి వాన నమోదైంది.

"ఆ రోజు ఇక్కడ వాన పడిందా ఎస్తేరమ్మా?"

"పడ్డది మేడం. రాళ్లు గూడ వడ్డయ్. మా పక్కింటోళ్ల రేకులు లేసిపోయినయ్."

"మరి సున్నా రాశారు కదా?"

"బాటిల్ల నీళ్లు లెవ్వు మేడం."

"అంత వానకు నీళ్లు లేకపోవడమేమిటి?"

ఆమె తల వంచుకుంది. "బాటిల్ల ఉన్నది రాయుమన్నరు. లేనిది రాయొద్దన్నరు. పని జెప్పిన నాడు నర్సయ్య సారే చెప్పిండు. నేను గట్లనే రాసిన."

నర్సయ్య గారు గొంతు సవరించుకున్నారు. "చెప్పిన మాట నిజమే."

నాకు కోపం రావలసింది, కాని ఆమె గొంతులో దాపరికం కంటే భయం ఎక్కువగా వినిపించింది. మాట మార్చి స్థలాన్ని మళ్లీ చూశాను. అప్పుడు రెండు విషయాలు కనబడ్డాయి. గేజీ చుట్టూ నేల గడ్డితో ఉండాలి. ఇక్కడ నేల పేడతో శుభ్రంగా అలికి ఉంది. గరాటు అంచు చుట్టూ, ఎంత తుడిచినా పోనట్టు, ఒక పసుపు మరక ఉంది.

"కంచె లోపల అలికారెందుకు?"

"సాపుగ ఉండాలె గద మేడం," అంది ఆమె, నా ముఖం చూడకుండా.

అంతలో సిరికొండ గుట్టల వైపు ఆకాశం నల్లబడింది. మార్చి మబ్బు తొందరగా కమ్ముతుంది. నేను జీపులోంచి మా పోర్టబుల్ గేజీ దింపి, కంచె అవతల ఖాళీ స్థలంలో నిలబెట్టిస్తున్నాను. బడి మూల నుంచి ఒక మనిషి పరుగున వచ్చింది. సన్నని మనిషి, చేతులు మోచేతుల దాకా పసుపు.

"ఎస్తేరక్కా! మొగులైంది. ఆ మేడం వోయిందా, కవర్ తెద్దునా?"

ఎస్తేరమ్మ కళ్లతోనే సైగ చేసింది. వచ్చిన మనిషి నన్ను చూసి ఆగిపోయింది. నర్సయ్య గారు నవ్వాపుకోలేకపోయారు.

"ఇంక పోలేదు గంగామణీ. గీడనే ఉన్నది మేడం."

గంగామణి పసుపు కూలి. తవ్వకం పనులకు పోతుంది. ట్రాక్టరు తవ్వి, కూలీలు ఏరిన తరువాత కూడా మట్టిలో కొన్ని కొమ్ములు మిగిలిపోతాయి. పట్టాదారు అనుమతితో వాటిని మళ్లీ ఏరుకునే ఆడవాళ్లు ఆ ఊళ్లో ఇరవై ఇళ్లవాళ్లున్నారు. ఇళ్ల ముందు పాత డ్రమ్ముల్లో ఉడకబెట్టుకుంటారు. ఏడాదంతా కూలి తినడానికి సరిపోతే, ఈ ఏరుకున్న పసుపే వాళ్ల చేతికి మిగిలేది. ఆ రోజు వాళ్ల పసుపు బడి అవతల రోడ్డు అంచున పోసి ఉంది. నేను వస్తున్నానని తెలిసి, ఉన్న చోటు నుంచి పొద్దున్నే ఎత్తి అక్కడికి మార్చారు. ఉన్న చోటు ఏదో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను ఎస్తేరమ్మతో అన్నాను. "నేను లేకుంటే ఏం చేసేవారో అదే చేయండి. నేను చూడాలి."

"మేడం, నా పని..."

"ముందు పసుపు తడవకుండా చూడండి. మాట తరువాత."

గంగామణి నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది. ఆరేడుగురు ఆడవాళ్లు గంపలతో వచ్చారు. రోడ్డు మీది పసుపును ఎత్తి కంచె లోపలికి మోశారు. గేజీ చుట్టూ వలయంగా, డబ్బా అంచు కంటే తక్కువ ఎత్తులో పోశారు. నర్సయ్య గారు చొక్కా చేతులు మడిచి ఒక గంప అందుకుంటే, "సారు నడుము జాగ్రత్త, పింఛన్ రాకముందే విరుగుతది" అని ఒకామె ఎగతాళి చేసింది. ఆ తరువాత పెద్ద నీలం టార్పాలిన్ తెచ్చి అన్నిటి మీదా పరిచారు. నడుమ గేజీ గుంజలా నిలబడింది. టార్పాలిన్ దాని నెత్తి నుంచి నాలుగు వైపులా వాలుగా దిగింది. అంచుల మీద రాళ్లు పెట్టారు. అది వారికి ఎంతో అలవాటైన పని. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

వాన మొదలైంది. అందరం బడి వరండాలోకి చేరాం. టార్పాలిన్ మీది నీళ్లు నాలుగు పక్కలా జారి కంచె బయటికి పోతున్నాయి. వర్షారణ్యంలో ఆకులు చేసిన పనిని ఇక్కడ ఒక నీలం గుడ్డ చేస్తోంది.

"వాన కొలిచే డబ్బ మా పసుపుకు గొడుగు వడ్తది మేడం," అంది గంగామణి. భయం పోయినట్టుంది. "నడిమిట్ల ఎత్తుగుంటది గద, నీళ్లు ఆగయ్. ఉట్టిగ కప్పితే నడుమ గుంత వడి నీళ్లు లోపటికి దిగుతయ్."

"ఇక్కడే ఎందుకు? పట్టాదారుల కల్లాలు లేవా?"

"వాళ్ల కల్లంల మా పసుపు వోస్తే, ఏది ఎవరిదో ఎవ్వనికి ఎరుక? పొద్దుగాల లొల్లి. ఏరుకున్నదా, ఎత్తుకొచ్చిందా అంటరు. గా మాట ఎవరు వడ్తరు?" ఆమె చెయ్యి చాపి రోడ్డు వైపు చూపింది. అక్కడ హద్దుల కోసం వరసగా పాతిన రాతి కడీలు వానలో తడుస్తున్నాయి. "మునుపు గాడ ఖాళీ జాగ ఉండె. మా అందరి పసుపు గాడనే. ప్లాట్లు జేసిండ్రు, కడీలు వాతిండ్రు. ఇగ మాకు సాపు జాగ ఏడున్నది? ఎస్తేరక్క గేటు తీసింది."

ప్లాట్లు ఎప్పుడు వేశారని అడిగాను. తన చిన్న బిడ్డ పుట్టిన ఏడు అంది. ఆ పిల్ల ఎన్నో తరగతి అని అడిగాను. మూడు అంది. డబుల్ మాస్ కర్వ్‌లో రేఖ వంగిన చోటు అదే.

ఎస్తేరమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది.

"నేను అబద్ధం రాయలే మేడం. పొద్దుగాల కవర్ తీసినంక బాటిల్ చూస్త. ఏముండది. సున్న రాస్త. పడ్డదని అందాదగ ఒక అంకె ఏసుకుంటే గది తప్పు గాదా? పది రాయాల్నా, ఇరవై రాయాల్నా, నాకేమెరుక?"

ఆమె అన్నది సరైనదే. అందాజుగా ఒక అంకె వేసి ఉంటే నేను దాన్ని ఎప్పటికీ పట్టుకోగలిగేదాన్ని కాదు. సున్నాలు వరసగా ఉండబట్టే రేఖ వంగింది, వంగబట్టే నేను వచ్చాను.

అప్పుడు గంగామణి అడిగింది. "మేడం, షెడ్లు వస్తయంటున్నరు. పక్కూరికి వస్తదంట, మాకు రాదంట. గదెందుకు?"

చెప్పక తప్పలేదు. వాన పెరుగుతున్న ఊళ్లకే షెడ్డు, మీ ఊరి లెక్కలో మార్చి నెలలో వానే లేదు, అని చెప్పాను.

టార్పాలిన్ మీద వాన చప్పుడు వినబడుతోంది. గంగామణి దాని వైపే చూస్తూ అంది. "అంటే, ఆరవోసుకునే జాగ లేక మేము గీ డబ్బ మీద కప్పుకున్నం. గీ డబ్బ మీద కప్పుకున్నందుకు మాకు ఆరవోసుకునే జాగ రాదు. గంతేనా మేడం?"

అంతే. నా వృత్తిలో ఒక సమస్యను ఇంత క్లుప్తంగా ఎవరూ నిర్వచించగా వినలేదు.

మరునాడు ఎనిమిదిన్నరకు రెండు గేజీలూ చదివాం. టార్పాలిన్ కింది సీసా పొడిగా ఉంది. కంచె అవతల మా గేజీలో మంచి వానే ఉంది. రెండింటి దూరం పది గజాలు. ఎస్తేరమ్మ తన సున్నాను తానే చదివింది, మా అంకెను కూడా ఆమెతోనే చదివించాను.

నివేదికలో ఏం రాయాలన్నది మిగిలింది. నిజం దాచితే ఊరి ట్రెండ్ తగ్గుతున్నట్టే మిగులుతుంది, షెడ్డు రాదు. నిజాన్ని మూర్తి గారు చెప్పిన మాటల్లో రాస్తే ఎస్తేరమ్మ పని పోతుంది. అయితే మా శాస్త్రంలో రెండు వేర్వేరు పదాలున్నాయి. మనిషి తప్పు చదివితే అబ్జర్వర్ ఎర్రర్. గేజీకి వాన సరిగా చేరని పరిస్థితి ఉంటే అది ఎక్స్‌పోజర్ లోపం, అంటే గేజీ ఆకాశానికి తెరిచి లేకపోవడం. ఇక్కడ చదవడంలో తప్పు ఒక్కటీ లేదు. గేటు తీసిన మాట వాస్తవమే. అది కూడా రాశాను. ఆమెకు పని అప్పగించిననాడు సీసా చదవడం నేర్పారని, గేజీ మీద ఏదీ కప్పకూడదన్న నియమం చెప్పలేదని, ఇన్నేళ్లలో వేసవి తనిఖీ జరగలేదని నర్సయ్య గారు చెప్పిన వివరమూ రాశాను. అడగగానే ఆయన సంతకం పెట్టారు.

మూర్తి గారు ఫోన్ చేశారు.

"ఎనిమిదేళ్ల వేసవి డేటా మొత్తం పోయినట్టేనా?"

"పోలేదు సార్. సున్నా తీసేసి ఖాళీ పెట్టాను. మిస్సింగ్ డేటా అని గుర్తు పెట్టాను."

"తేడా ఏముంది?"

"సున్నా అంటే వాన పడలేదని మనం సాక్ష్యం చెప్తున్నట్టు. ఖాళీ అంటే మనకు తెలియదని ఒప్పుకున్నట్టు."

మొండి మనిషే గాని, లెక్క విషయంలో న్యాయం తెలిసినవారు. "రీడర్‌ను మార్చమని రాయలేదు?"

"మార్చాల్సిన అవసరం ఏమిటో నాకు కనబడలేదు. మీకు కనబడితే రాద్దాం."

రాయలేదు. వంపుకు ముందరి ఏళ్ల అంకెలు నిజమైనవి కాబట్టి వాటిని ఉంచాం. తరువాతి వేసవులను ఖాళీగా వదిలి, వాగుకు ఎగువన, దిగువన ఉన్న దగ్గరి గేజీల ఆధారంగా ఆ ఊరి పరిస్థితిని అంచనా వేశాం. మొగ్గు పెరుగుదల వైపే ఉంది. షెడ్లు ఏ ఊళ్లకో నిర్ణయించే కమిటీ మా వాదనను ఒప్పుకుంది, కాని ఒక షరతు పెట్టింది. అంచనా చాలదు, ఒక్క వేసవైనా ఆ ఊరి గేజీ సక్రమంగా నడిచిన రికార్డు కావాలి. అంటే వచ్చే వేసవి గేజీ మీద ఏదీ కప్పకూడదు.

ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. ఎస్తేరమ్మ పని నిలబడిందని చెప్పినప్పుడు ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. షరతు చెప్పినప్పుడు ఒక్కటే అడిగింది.

"మరి పసుపు మేడం?"

గంగామణి వైపు చూశాను. ఆమె కంచె పట్టుకుని నిలబడి, లోపలి నేలను చూస్తోంది.

"ఒక్క ఏడే గద అక్కా," అంది చివరికి. "తాళమెయ్యి. నేనడిగినా తీయకు."

2024లో వేసవి వాన తొందరగా వచ్చింది. ఒక పొద్దున నా ఫోన్‌కు ఫోటో వచ్చింది. కంటికి ఎదురుగా పట్టుకున్న కొలత గ్లాసు, వెనుక బడి గోడ. వెంటనే ఆమె ఫోన్.

"పద్దెనిమిది మిల్లీమీటర్లు మేడం. ఫోటో వెట్టిన, చూసిండ్రా?"

"చూశాను. బాగా తీశారు. గంగామణి వాళ్ల పసుపు?"

ఆమె గొంతు తగ్గించింది.

"రోడ్డు మీదనే ఉండె. కవర్ కప్పినం గని నడుమ గుంత వడ్డది. పాస్టరయ్య ప్రార్థన మందిరం తాళం తీసిండు. సగం అండ్ల వోసినం. సగం తడిసింది."

"గంగామణి ఏమంది?"

"ఏమంటది మేడం. పొద్దుగాల నేను గ్లాసు వట్టుకుంటే పక్కకొచ్చి నిలవడ్డది. ఎంతొచ్చిందక్కా అన్నది. పద్దెనిమిది అన్న. ఈసారైతే రాసుకున్నరు గద అన్నది."

నేను ఆ అంకెను చార్టులో చేర్చాను. నా సహోద్యోగులకు అది మిగతా చుక్కల వంటి చుక్కే. ఆ చుక్క కోసం ఎవరి పసుపు ఎంత తడిసిందో చార్టులో రాయడానికి చోటు లేదు.

ఆ రికార్డుతో ఊరికి షెడ్డు మంజూరైంది. స్థలం గుర్తించే రోజు నన్నూ పిలిచారు, ఎందుకంటే గేజీకి దగ్గరలో ఏ కట్టడం వచ్చినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలన్నది మా నియమం. లేకపోతే గాలి మళ్లి, వాన పక్కకు పడుతుంది. టేపు ఒక కొన నేను గేజీ దగ్గర పట్టుకున్నాను, రెండో కొన గంగామణి పట్టుకుని వెనక్కి నడిచింది. చాలా దూరం పోయాక అరిచింది.

"ఇంకెంత దూరం మేడం? గా డబ్బకు మా గాలి గూడ తాకొద్దా?"

"తాకొద్దు!"

"ఎనిమిదేండ్లు దాని నెత్తి మీద కూసున్నం. గిప్పుడు మర్యాద నేర్పుతున్నరు," అందామె. కొలత పూర్తయ్యేదాకా ఆడవాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

ఈ కేసు తరువాత నా పనిలో ఒక చిన్న మార్పు వచ్చింది. ఏ గేజీ దగ్గరికి వెళ్లినా, ఏ రీడర్‌తో మాట్లాడినా, సున్నా కనబడిన రోజు గురించి రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను. వాన పడిందా? సీసాలో ఉందా? ఈ రెండింటినీ ఒకే ప్రశ్న అనుకోవడం దీర్ఘకాలిక ట్రెండ్ చూసే మాబోటి వాళ్లకు సులభం. మేము అంకెలను ఎప్పుడూ ముప్పై ఏళ్ల దూరం నుంచి చూస్తాం. ఆ రెండు ప్రశ్నల మధ్య ఆకు ఉండవచ్చు, గుడ్డ ఉండవచ్చు, ఆ గుడ్డ కింద ఇరవై ఇళ్ల పసుపు ఉండవచ్చు. కొత్తగా చేరే ఇంజినీర్లకు డబుల్ మాస్ కర్వ్ నేర్పేటప్పుడు, వంపు దొరికిన చోట ఆగవద్దని, ఆ ఊరికి బస్సెక్కమని చెబుతున్నాను. ముందుగా ఫోన్ చేయవద్దని కూడా.

2025 మార్చిలో షెడ్డు సిద్ధమైంది. ఆ నెలాఖరున ఒక పొద్దున ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. వెనుక నుంచి ఆడవాళ్ల మాటలు, గంపలు దింపుతున్న చప్పుడు, ఎవరినో తిడుతున్న గంగామణి గొంతు వినబడుతున్నాయి. నేను నమస్తే అనేలోపే, నేను అడగబోయే రెండు ప్రశ్నలకూ ఆమె వరసగా జవాబు చెప్పింది.

"పడ్డది మేడం. బాటిల్ల గూడ ఉన్నది."